పాత కొలతలు

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, విడవనూ లేదు. వెలిసిపోయిన లైనింగు గుడ్డలాంటి మబ్బు ఇళ్ల కప్పులమీదికి వంగి, కదలనని మొండికేసి కూర్చుంది. తూర్పున ఎండ ఒక సందు కోసం కాసేపు వెతికి, దొరక్క, తన దారిన తాను పోయింది. వెలుతురు చాలక టైలరమ్మ తెల్లారాక కూడా మిషను దగ్గర లైటు వేసుకుంది. ఒళ్లో కూతురి యూనిఫాం స్కర్టు. నడుము పట్టీ విప్పుతోంది... నెలన్నరలో ఇది మూడోసారి!

“ఇంకా అవలేదా, మరదలా?”

తల తిప్పకుండానే తెలిసింది ఎవరో. ముప్పయ్యేళ్లు బడిపిల్లల్ని లేపి నిలబెట్టి, కూర్చోబెట్టిన గొంతు అది. భర్తకు అక్కగారు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై, తమ్ముడింట్లో గాలి బాగా వచ్చే గది చూసుకుని దిగింది. వీధంతా ఆవిడను పెద్ద టీచరమ్మ అంటుంది. వీధికి ఆవిడతో కాపురం చేసే పని లేదు కనుక గౌరవంగానే అంటుంది.

“అయిపోవచ్చింది వదినగారూ... మొన్ననే బిగించాను. మళ్లీ జారుతోందంటోంది. ఈసారి వచ్చిన గుడ్డ తానే సాగే రకమో ఏమో...”

“ఆడలేక మద్దెల ఓడంటే ఇదే! ఊరందరి పిల్లలకీ అతికినట్టు కుడతావు, కన్నపిల్లకి మాత్రం గోనెసంచి తగిలిస్తావు. నీ చెయ్యి పోయిందమ్మా, ఒప్పుకో. ఇవాళ అది స్టేజీ ఎక్కి ప్రతిజ్ఞ చదవాలి. నా మేనకోడలు అందరి ముందూ స్కర్టు పట్టుకుని నిలబడితే పోయేది నీ పరువు కాదు, నాది!”

టైలరమ్మ మళ్లీ సూది అందుకుంది. ఎందుకంటే ఆ మాట నిజమేనని ఆమె కూడా నమ్మింది. అదీ అసలు దౌర్భాగ్యం! పదిహేనేళ్లుగా ఆ బడికి యూనిఫాంలు కుడుతున్న మనిషి. ఏటా బడి తెరిచే ముందు పెద్ద తరగతుల పిల్లలందరికీ తానే టేపు పెడుతుంది. ఏ పిల్ల భుజం పుస్తకాల బరువుకి ఎటు వాలిందో, ఏ పిల్లాడు ఒక్క సెలవుల్లో మూడంగుళాలు లేచాడో ఆమె వేళ్లకు గుర్తు. అలాంటి మనిషి సొంత కూతురికి ఏడాది మొదట్లో తీసిన కాగితం కటింగు మేకుకి తగిలించుకుని, దాన్నే గుడ్డమీద పరిచి, దాన్నే నమ్ముకుని కత్తెర వేస్తోంది. లూజవుతుంటే గుడ్డ సాగిందనుకుంది. సుద్దగీత మందమైందనుకుంది. కత్తెర పదును పోయిందనుకుంది. చివరికి తన కళ్లద్దాలు మార్చుకోవాలనుకుంది! పిల్ల తగ్గిందేమోనని మాత్రం ఒక్కసారి... ఒక్కటంటే ఒక్కసారి అనుకోలేదు. దూడ మేత మానితే ముందు దాని చెవులు పట్టి చూడాలని పశువుల్ని కాసేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. చదువుకున్న ఇళ్లలోనే ఇలాంటివి తెలియకుండా పోతాయి.

ఆ ఇంట్లో పిల్లకి పేరు ఉండేది. పదో తరగతిలో బడికల్లా మొదటి మార్కు తెచ్చుకున్న రోజున మేనత్త ఆ పేరు తీసేసి ‘ఫస్టు’ అని పెట్టింది. అప్పట్నించి అందరికీ ఫస్టే. పిల్లకు జ్వరమొస్తే ‘ఫస్టుకి జ్వరం’ అనేవాళ్లు. ఇప్పుడు పన్నెండో తరగతి. బడిలోనే తెల్లారి ఒక స్పెషల్ బ్యాచి, సాయంత్రం ఒక స్పెషల్ బ్యాచి, మధ్యలో మామూలు క్లాసులు.

ఇక నాన్నగారు! ఆయన బస్సుల డిపోలో టైం కీపరు. ఏ బండి ఎప్పుడు గేటు దాటిందో, ఎప్పుడు వచ్చిందో రాయడం ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగం ఆయన సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. కూతురి గదిలో గోడకి చార్టు అంటించాడు. నల్లసిరాతో పని, ఎర్రసిరాతో సమయం. లేవడం నాలుగూ పది. ముఖం ఆరు నిమిషాలు. టిఫిను ఏడు నిమిషాలు. స్నానం పదకొండు. రాత్రి దీపం ఆర్పడం పదకొండున్నర. మధ్యలో ‘ఇతరములు’ అని ఒక గడి. అందులో నాలుగు నిమిషాలు. నవ్వడం, ఏడవడం, కిటికీలోంచి చూడటం, అమ్మతో మాట్లాడటం... అన్నీ ఆ నాలుగు నిమిషాల్లోనే సర్దుకోవాలి!

“అమ్మా, తొందరగా. ఇతరములలో రెండు నిమిషాలు అయిపోయాయి.”

ఫస్టు పుస్తకం చేత్తో పట్టుకునే వచ్చి నిలబడింది. పెదవులు కదులుతున్నాయి, కళ్లు అక్షరాలమీద ఉన్నాయి. తల్లి స్కర్టు తొడిగి హుక్కు పెట్టింది. బిగించిన పట్టీ కూడా ఒక పక్కకు వేలాడింది.

“ఒక్క నిమిషం ఆగు తల్లీ, టేపు పెట్టనీ...”

“పాత కొలతలున్నాయి కదమ్మా! పిన్ను పెట్టెయ్.”

తల్లి పిన్ను పెట్టింది. పెట్టి, అరచెయ్యి పిల్ల వీపుమీద ఒక్క క్షణం ఉంచింది. ఏదో తగిలింది చేతికి. ఏమిటో ఆలోచించేలోపే గుమ్మంలోంచి టైం కీపరు గడియారం చూస్తూ అరిచాడు.

“ఏమే! రెండు నిమిషాలు లేటు! కబుర్లు పెట్టుకున్నారా తల్లీకూతుళ్లు?”

“పాలైనా తాగనివ్వండి...”

“బ్యాచిలో చివరి బెంచీకి పోతుంది, తెలుస్తోందా నీకు?”

“నీకెందుకురా తమ్ముడూ ఆవిడతో,” అంది అక్కగారు, తన ఉపన్యాసం కాగితాలు వరసగా సర్దుకుంటూ. “సూదీ దారం తెలిసిన మనిషికి సీటంటే ఏంటో, ర్యాంకంటే ఏంటో ఏం తెలుస్తుంది? పద, ఫస్టూ. కడుపు తేలిగ్గా ఉంటే బుర్ర చురుగ్గా ఉంటుంది.”

పిల్ల అన్నం డబ్బా మాత్రం మరిచిపోకుండా సంచిలో పెట్టుకుంది. అది చూసి తల్లి మనసు కుదుటపడింది. డబ్బా రోజూ సాయంత్రానికి కడిగినట్టు ఖాళీగా తిరిగొస్తుంది మరి! అదొక్కటే ఆమెకు మిగిలిన ధైర్యం.

ఆ రోజు బడిలో పెద్ద తరగతులకి ఆరోగ్య దినం. పిల్లలు ఎలా పడుకోవాలి, ఏం తినాలి, ఎంతసేపు ఆడాలి, దిగులేస్తే ఎవరితో చెప్పుకోవాలి... ఇవన్నీ చెప్పడానికి ముఖ్య అతిథిగా ఎవర్ని పిలిచారనుకున్నారు? పెద్ద టీచరమ్మనే! గుమ్మడికాయ దొంగను తోటకి కాపలా పెట్టడమంటే అదే. వారం రోజులనించి ఆవిడ అద్దం ముందు నిలబడి సాధన చేస్తోంది. ఆ గొంతు తగ్గించడం, పెంచడం, మధ్యలో కళ్లజోడు తీసి తుడవడం! పక్కగదిలో మేనకోడలు కునికితే మాత్రం సాధన ఆపి వచ్చి, స్కేలుతో బల్లమీద కొట్టి, మళ్లీ పోయి ‘విద్యార్థికి నిద్ర అమృతం’ అని అందుకునేది.

వాలంటీరు పిల్లలకి ఆకుపచ్చ పట్టీలు కుట్టమని బడివాళ్లు టైలరమ్మకే అప్పజెప్పారు. అవి ఇచ్చేసి, మెడలో టేపు మెడలోనే ఉండగా, ఆమె హాలు వెనక గోడకి ఆనుకుని నిలబడింది. కూతురు ప్రతిజ్ఞ చదవడం చూసి వెళ్దామని.

స్టేజీమీద వరసగా కుర్చీలు. చివరి కుర్చీలో ఫస్టు, చేతిలో ప్రతిజ్ఞ కాగితం. ముందు మైకు దగ్గర మేనత్త.

“ప్రియమైన బాలబాలికలారా! రోజుకు ఎనిమిది గంటల నిద్ర! అది మీ హక్కు! అది లేని చదువు ఇసుకలో పోసిన నీళ్లు!”

చప్పట్లు కొట్టారు. వెనక బెంచీల్లో మగపిల్లలు ఆవులిస్తూ కొట్టారు.

“ఉదయం టిఫిను మానకూడదు! నెమ్మదిగా నమిలి తినాలి! ఇంట్లో పెద్దలు పిల్లల్ని ప్రేమగా కూర్చోబెట్టుకుని, కొసరి కొసరి...”

అక్కడ ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకొకరు. నవ్వు ఒక బెంచీనించి ఇంకో బెంచీకి పాకింది. తన మాటలో చమత్కారం పండిందనుకుని పెద్ద టీచరమ్మ కళ్లజోడు తీసి తుడిచి, మరింత గొంతు పెంచింది. నవ్వు కూడా మరింత పెరిగింది. అప్పుడు గానీ ఆవిడకు వెనక్కి తిరిగి చూడాలని తోచలేదు.

చివరి కుర్చీలో ఫస్టు నిద్రపోతోంది!

కునకడం కాదు. తల పక్కకు వాలిపోయి, నోరు కొంచెం తెరుచుకుని, చేతిలో ప్రతిజ్ఞ జారి కింద పడి, ఒళ్లు తెలియని నిద్ర. నడుము దగ్గర పిన్ను ఊడిపోయి స్కర్టు పట్టీ వదులుగా వేలాడుతోంది. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. పెద్ద టీచరమ్మ ముఖం నల్లబడింది. గబగబా పోయి, మైకుకి వినబడకుండా, మేనకోడలి జబ్బ పట్టుకుని గిల్లింది. పిల్ల కదల్లేదు. ఇంకా గట్టిగా గిల్లింది. కదల్లేదు! నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది.

“చెయ్యి తియ్యండి!”

స్టేజీ పక్కనించి బడి నర్సు ఎక్కి వచ్చింది. పొట్టి మనిషి, మాట మాత్రం పొట్టిది కాదు. “లేపకండి. ఎవరైనా ఈ పిల్లని లేపారంటే నేనూరుకోను.”

“ఏమ్మా, నేనెవరో తెలుసా నీకు?”

“తెలుసండీ. ఎనిమిది గంటలు పడుకోమని చెప్తున్నారు కదా, మీ మాటే వింటోంది.”

టైలరమ్మ ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. వాలంటీరు పిల్లలు ఇద్దరు సాయం పట్టారు. ఫస్టును నర్సు గదిలో మంచంమీద పడుకోబెట్టారు. ఎత్తినప్పుడు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంత తేలిగ్గా లేచింది పిల్ల!

నర్సు నాడి చూసింది. కంటి కింద రెప్ప లాగి చూసింది. “రక్తం ఉందంటారా దీనికి? రేపు డాక్టరుకి చూపించాల్సిందే. అమ్మా, మీ మెడలో టేపుందిగా, జబ్బ చుట్టుకొలత ఎంతో చెప్పండి.”

టైలరమ్మ టేపు తీసింది. జబ్బ చుట్టూ తిప్పింది. చెప్పబోయి... మళ్లీ తిప్పింది. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే భుజం కొలిచింది. ఛాతీ కొలిచింది. నడుము చుట్టూ టేపు తిప్పి రెండు కొసలూ కలిపింది. కాగితం కటింగుమీద ఉన్న అంకె ఆమెకు నిద్రలో లేపినా వస్తుంది. దానికీ దీనికీ నాలుగంగుళాలు తేడా!

తానులో తప్పు లేదు. సుద్దలో తప్పు లేదు. కత్తెర దారం పోగంత కూడా పక్కకు పోలేదు. ఆమె చెయ్యి ఏమాత్రం పోలేదు! పోయింది బిడ్డ. రోజుకింత, రోజుకింత, కళ్లముందే, తన చేతుల్లోంచే పోతుంటే... తాను దానికి సరిపడా కుట్టు బిగిస్తూ కూర్చుంది. ఊరిపిల్లల వీపుల వంకర కనిపెట్టే కళ్లు కన్నపిల్ల దగ్గర గుడ్డివైపోయాయి! “ఓరి భగవంతుడా... నేను తల్లినా, టేకు మొద్దునా!” అని ఆమె నోట్లో చీరకొంగు కుక్కుకుని ఏడ్చింది.

“ఏడుపు తర్వాత. ఏం తింటుంది పిల్ల?” అంది నర్సు.

“పొద్దున ఏడు నిమిషాల్లో ఏం తింటుందమ్మా... కానీ అన్నం డబ్బా ఖాళీగా తెస్తుంది. మెతుకు మిగల్చదు!”

నర్సు ఆమె మోచెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. బయట, ఆటసామాను షెడ్డు వెనకాల, మూడు కుక్కలు వెల్లకిలా పడుకుని ఉన్నాయి. నున్నగా, నిగనిగలాడుతూ, పొట్టలు ఇటూ అటూ పడేసుకుని.

“ఏడాది మొదట్లో వీటి పక్కటెముకలు లెక్కపెట్టేదాన్ని. ఇప్పుడు చూడండి, గుమ్మం మెట్టు కూడా ఎక్కలేవు. ఎవరు పోషిస్తున్నారా అనుకున్నా. స్పెషల్ బ్యాచి పిల్లలమ్మా. మీ ఒక్క పిల్లే కాదు. అన్నం ఇక్కడ పడేసి, ఆ టైములో లెక్కలు చేసుకుంటారు.”

“ఎందుకు? ఎందుకమ్మా?”

సమాధానం మంచంమీదినించి వచ్చింది. ఫస్టు కళ్లు తెరవలేదు. నిద్రలోంచి ఒక గొంతు, చిన్నపిల్ల గొంతు, ఎన్నాళ్లయిందో ఆ గొంతు విని...

“తింటే నిద్రొస్తుందమ్మా. కడుపు నిండితే కళ్లు మూతపడతాయని అత్తయ్య చెప్పింది కదా... నిజమేనమ్మా. తినకపోతే ఇంకో గంట చదవొచ్చు. ఇప్పుడు అలవాటైపోయింది. ఆకలే వెయ్యదు... నాలుగింటికి లేపుతావా?”

టైలరమ్మ కూతురి నుదుటిమీద ముఖం ఆనించింది. “లేపను తల్లీ. నేను చచ్చినా లేపను.”

నర్సు ఒక కాగితం రాసిచ్చింది. మూడు వారాలు స్పెషల్ బ్యాచిలు రెండూ మానాలి. నిద్ర, తిండి, సాయంత్రం కాస్త నడక, అంతే. ఆ తర్వాత కూడా ఎనిమిది గంటల నిద్ర లేకుండా బ్యాచిలో కూర్చోనివ్వరు. “కింద సంతకం తండ్రిది కావాలమ్మా. బ్యాచిలో చేరేటప్పుడు ‘మానిపించం’ అని ఆయనే రాసిచ్చారు. ఆయనే మానిపించాలి. రేపు పొద్దుటికి తేకపోతే ఆ బ్యాచి సార్లు వచ్చి పట్టుకుపోతారు.”

మధ్యాహ్నానికి పిల్లని రిక్షాలో ఇంటికి తెచ్చి పడుకోబెట్టేసరికి ముందు గదిలో కచేరీ మొదలై ఉంది. టైం కీపరు డ్యూటీ దిగి వచ్చి, ఖాకీ చొక్కా విప్పకుండానే అక్కగారి ముందు నిలబడి ఉన్నాడు.

“నా పరువు తీసిందిరా తమ్ముడూ! ముప్పయ్యేళ్ల సర్వీసులో ఇంత అవమానం జరగలేదు. నేను నిద్ర గురించి మాట్లాడుతుంటే వెనకాల కూర్చుని గురక పెడుతుందా? కావాలనే చేసింది! తల్లి నూరిపోసింది!”

“అక్కయ్యా, నువ్వు బాధపడకు. నేను చూస్తాగా.” ఆయన జేబులోంచి పెన్సిలు తీశాడు. “పొద్దున్నించి నాలుగు గంటలు పోయాయి. ఈ వారం స్నానం ఆరు నిమిషాలకి తగ్గించి, ఇతరములు కొట్టేస్తే... రాత్రి ఇంకో అరగంట... బుధవారానికి కలిసిపోతుంది.”

టైలరమ్మ గుమ్మంలోనే నిలబడి వింది. పెళ్లయిన పందొమ్మిదేళ్లలో ఆమె ఆ గదిలో గొంతెత్తి ఎరగదు. ఆ ఇంట్లో ఆమె మాటకి మిషను చప్పుడుకున్నంత విలువ కూడా లేదు. మిషను ఆగితే కనీసం ఎందుకు ఆగిందని అడుగుతారు. ఇప్పుడామె కాగితం బల్లమీద పెట్టింది.

“సంతకం పెట్టండి.”

ఆయన చదివాడు. ఫెళ్లున నవ్వాడు. “మూడు వారాలా! పరీక్షల ముందు మూడు వారాలు పడుకోమనా? ఏ గాడిద రాసింది?”

“అది గాడిద కాదండీ. ఈ ఊళ్లో మన పిల్ల జబ్బ కొలవాలని తోచిన ఒకే ఒక్క మనిషి. తల్లినై ఉండి నాకే తోచలేదు.”

“చూశావా, ఎదురు మాట్లాడుతోంది!” అంది అక్కగారు. “అక్షరం ముక్క రానివాళ్లు కూడా...”

“వదినగారూ, ఒక్క నిమిషం. మీకు అక్షరాలు చాలా వచ్చు. ఇవాళ స్టేజీమీద వాటన్నిటినీ విన్నాను. కడుపు నిండితే కళ్లు మూతపడతాయని నా బిడ్డకి చెప్పింది మీరే కదూ? అది నమ్మిందండీ. మీరు చెప్పింది నమ్మి, నేను పెట్టిన అన్నం కుక్కలకి పోసింది. నాలుగంగుళాలు పోయింది నడుము! నా చెయ్యి పోయిందన్నారు కదా... నా చెయ్యి పోలేదు. మన ముగ్గురికీ కళ్లు పోయాయి!”

“తమ్ముడూ! నన్నంటుంటే చూస్తూ ఊరుకున్నావా?”

టైం కీపరు చెయ్యెత్తబోయాడు. భార్య కదల్లేదు. ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో భయం లేదు, కోపం కూడా లేదు. చివికిన గుడ్డ తానును వేళ్లతో పరీక్షించి పక్కన పడేసేటప్పుడు చూస్తుందే, ఆ చూపు.

“కొట్టండి, తర్వాత. ముందు ఒకటి చెప్పండి. పోయిన నెలలో ఒక డ్రైవరు కళ్లెర్రగా వచ్చాడని, అయ్యా బాబూ అని బతిమాలినా బండివ్వకుండా ఇంటికి పంపేశానని, అన్నం తింటూ గొప్పగా చెప్పారు. ఎందుకు పంపారు?”

“ఎందుకేంటే? వాడికి ఎనిమిది గంటల రెస్టు లేదు! రూలది. రెస్టు లేనోడికి స్టీరింగిస్తే వాడూ చస్తాడు, బండిలో వాళ్లూ చస్తారు.”

“మన పిల్లకి ఎంత రెస్టుందండీ?”

“అది వేరు, ఇది...”

“అవును, వేరే. అది ఇనుప బండి. నెలకోసారి షెడ్డులో పెట్టి నూనె పోసి, నట్లు బిగించి చూస్తారు. ఇది ఒంట్లో రక్తం లేని ఆడపిల్ల. మీరు రాసిన చార్టే ఉందిగా గోడకి. వెళ్లి కూడండి. రోజూ వందల బండ్ల లెక్క కూడతారు కదా, ఇదొక్కటీ కూడండి!”

ఆయన విసురుగా లేచి పిల్ల గదిలోకి వెళ్లాడు, నిరూపించి చూపిద్దామనే. మంచంమీద కూతురు మూలకు ముడుచుకుని పడుకుని ఉంది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. ఆయన చార్టు ముందు నిలబడి వేలు పెట్టి లెక్కపెట్టాడు. పదకొండున్నర... నాలుగూ పది. పెదవులు కదిలాయి. రెండోసారి లెక్కపెట్టాడు. అంత గొప్ప టైం కీపరుకి ఆ చిన్న కూడిక ఎన్ని నెలలుగా తోచలేదో! గోడమీదినించి వేలు తియ్యకుండానే మంచంవైపు చూశాడు. అక్కడే నేలమీద కూర్చున్నాడు.

“డ్రైవరైతే...” అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. “డ్రైవరైతే గేటు కూడా దాటనివ్వను. నాలుగూ నలభై... డ్రైవరైతే నేను...”

ఆయన భుజాలు ఎగిసిపడ్డాయి. టైలరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. జాలిపడలేదు. ఇంకో రోజెప్పుడైనా పడొచ్చు. కాగితం, కలం తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన నేలమీద పెట్టుకునే సంతకం పెట్టాడు. ఉద్యోగంలో చేరిన నాటినించి ఒక్కలాగే ఉండే సంతకం, ఆ రోజు గీత దాటి కిందికి జారింది.

ముందు గదిలోంచి అక్కగారు ఇంకా అరుస్తూనే ఉంది. “పెట్టు, పెట్టు! మొగుడూ పెళ్లాం కలిసి దాన్ని అట్టడుగుకి తొయ్యండి! రేపు ఏ సీటూ రాక మిషను తొక్కుకుంటుంది, తల్లిలాగా!”

“తొక్కనివ్వండి వదినగారూ,” అంది టైలరమ్మ, గొంతు పెంచకుండా. “మిషను తొక్కాలన్నా కాళ్లలో బలం ఉండాలి. ముందు అది వస్తే చాలు నాకు.”

పెద్ద టీచరమ్మ తన గదిలోకి పోయి ధడాలున తలుపేసుకుంది. అది ఆవిడకు పాత అలవాటే. ఇన్నాళ్లూ తలుపు చప్పుడు కాగానే ఇంట్లో ఎవరో ఒకరు పరుగెత్తి వెళ్లి బతిమాలేవారు. ఆ పూట ఎవరూ వెళ్లలేదు.

మధ్యాహ్నం జరిగి సాయంత్రం అయింది. స్పెషల్ బ్యాచి వేళ వచ్చింది, పోయింది. పిల్ల లేవలేదు, ఎవరూ లేపలేదు. టైం కీపరు ఖాకీ చొక్కాతోనే వెళ్లి కాగితం నర్సు చేతికి తానే ఇచ్చి వచ్చాడు. రేపటిదాకా ఆగమని ఎవరూ చెప్పలేదు, ఆయనా ఆగలేదు. వస్తూ గుడ్లు, ఆకుకూర తెచ్చి వంటగది గట్టుమీద పెట్టాడు. గుడ్లు ఉడకబెట్టే గిన్నెలో నీళ్లు పోశాడు. ఎక్కువ పోశాడు. ఆమె సగం ఒంపేసి పొయ్యిమీద పెట్టింది.

దీపాలు పెట్టే వేళకి ఆమె కూతుర్ని చూసివద్దామని వెళ్తే, గది గుమ్మంలో పెద్ద టీచరమ్మ నిలబడి ఉంది. వెనకనించి మరదలు రావడం ఆవిడ వినలేదు. దుప్పటి జారిపోయిన మేనకోడలి చేతిని చూస్తోంది. జబ్బమీద రెండు చోట్ల గిల్లిన గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. ఆవిడ లోపలికి పోలేదు. దుప్పటి సర్దలేదు. క్షమించమని అనలేదు, అది అడిగే నోరు కాదు. కాసేపు అలాగే చూసి, గోడ పట్టుకుని, ఒక్కసారిగా ముసలిదైపోయినట్టు నెమ్మదిగా వెనక్కి తిరిగింది. ఎదురుగా మరదల్ని చూసి తల తిప్పుకుని పక్కనించి వెళ్లిపోయింది.

ఫస్టు తనంతట తానే లేచింది. లేచి, చీకటి పడిన కిటికీని చూసి అదిరిపడి, “అమ్మా! టైమెంత? బ్యాచి...” అంటూ వంటగదిలోకి వచ్చింది. బల్ల చుట్టూ నలుగురికీ కంచాలు పెట్టి ఉన్నాయి. తండ్రి కుర్చీ వెనక్కి లాగి, కూర్చోమని చేత్తో చూపించాడు. ఆయన చేతికి గడియారం లేదు. పిల్ల తల్లివైపు చూసింది. తల్లి తలూపింది. కూర్చుంది.

మేనత్త గది తలుపు తెరుచుకుంది. ఆవిడ వచ్చి, ఎప్పుడూ కూర్చునే బల్ల కొస కుర్చీని వదిలేసి, మేనకోడలి పక్కన ఖాళీగా ఉన్నదాంట్లో కూర్చుంది.

టైలరమ్మ అందరికీ వేడన్నం, కూర వడ్డించి తానూ కూర్చుంది. పిల్ల మొదటి ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది, ఎలా తినాలో మరిచిపోయినట్టు. నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగడానికి కష్టపడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లి లేవబోయి, ఆగింది. పిల్ల రెండో ముద్ద కలిపింది. మూడోది కాస్త తొందరగా కలిపింది. ఆ తర్వాత తలెత్తలేదు.

కంచం ఖాళీ అయింది. పిల్ల అన్నం గిన్నెవైపు చూసింది, అడగలేదు. గిన్నె మేనత్తకి దగ్గరగా ఉంది. పెద్ద టీచరమ్మ తన ముద్ద కంచంలో వదిలేసి, ఎడంచేత్తో గరిటె తీసుకుని, మేనకోడలి కంచంలో అన్నం పెట్టింది. కొన్ని మెతుకులు బల్లమీద పడ్డాయి. ఇంకొంచెం పెట్టింది. పిల్ల చాలని చెయ్యి అడ్డం పెట్టలేదు. నలుగురూ తలలు వంచుకుని తింటూ ఉండిపోయారు.